నా టోపీ ఈదింది

ఫోను మోగినప్పుడు నా రెండు చేతులూ వంజరం చేప ముద్దలో ఉన్నాయి. ఆదివారం, పదకొండు దాటింది. కుడుముల్లో పెట్టే చేపముద్దని ఒకే దిక్కుకి తిప్పుతూ కలపాలి, దిక్కు మారిస్తే ముద్ద విడిపోతుందని అత్తయ్య శాసనం. అందుకని నేను ఆపలేదు. మా ఆయన జోంగ్‌హాన్ వచ్చి నా ఏప్రన్ జేబులోంచి ఫోను తీసి నా ముఖం ముందు పట్టుకున్నాడు.

"దుంపా, చదువు."

మా పుట్టింటి దింగ్‌షీ వైపు బంగాళాదుంపలు తప్ప ఇంకేం పండవని ఓసారి నేనే నోరు జారాను. పెళ్లయి ఇరవై మూడు రోజులైనా ఆ పిలుపు వినగానే ఇంకా నవ్వొస్తోంది.

"నువ్వే చదువు. నాకు చేతులు ఖాళీ లేవు."

"'మైసుయ్ గారికి, మూడు దేశాల ఉమ్మడి పట్టా కోసం మీరు పెట్టుకున్న దరఖాస్తును...'" అని ఆగాడు. కావాలనే ఆగాడు. పెదవి చివర నవ్వు కనబడుతూనే ఉంది.

"చంపుతాను. చదువు!"

"'...ఆమోదించినందుకు సంతోషిస్తున్నాం.'"

చేపముద్దను ఎటు తిప్పానో నాకు గుర్తులేదు. అతని మెడ చుట్టూ చేతులు వేసేశాను. ఉతికి ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా కాలరు మీద అల్లం, ఉల్లికాడలు, చేప. అతను గింజుకోలేదు. బాల్కనీలో ఆరిన ఈతదుస్తులు తీస్తున్న అత్తయ్య పరుగున వచ్చింది.

"ఏమైంది? ఎవరికేమైంది?"

"అమ్మా, మా ఇద్దరికీ ఇంచియాన్ ఖాయం!"

అతనికి సెప్టెంబరు ఒకటో తారీఖు నుంచి ఇంచియాన్‌లో ఉద్యోగం. మా యెన్‌తాయ్ రేవు నుంచి కొరియాకి వెళ్లే సరుకు ఓడల కంపెనీ అతన్ని మూడేళ్లకి అక్కడికి పంపుతోంది. కంపెనీ మనుషులకి కుటుంబ వీసా ఇవ్వరు. నేను వెళ్లాలంటే నా ఉద్యోగం మీద నేనే వెళ్లాలి. అక్కడి ఆహార పరీక్షల ల్యాబు ఒకటి నన్ను తీసుకుంటానంది, నా పట్టా వాళ్ల దేశంలో చెల్లితేనే. నిన్నటిదాకా చెల్లేది కాదు. మా దగ్గర ఒక క్రెడిట్ అంటే పదహారు గంటల క్లాసు, కొరియాలో పదిహేను, జపాన్‌లో ఇంట్లో చదువుకున్న గంటలు కూడా కలిపి నలభై అయిదు. చైనా, కొరియా, జపాన్‌ల నుంచి తొమ్మిది యూనివర్సిటీలు ఏడేళ్లు కూర్చుని, వీటన్నిటినీ ఒక పట్టికలోకి తెచ్చాయి. నూట నలభై క్రెడిట్లుంటే ఒకే పట్టా మీద మూడు ముద్రలు. మా యూనివర్సిటీ నుంచి మొదటి జాబితాలో తొమ్మిది మందిమి. అందులో నేను ఒకదాన్ని. అది రాకపోతే నేను ఇక్కడే, ఆపిల్ రసం ఫ్యాక్టరీలో, సీసాలు కడుక్కుంటూ. మా ఇద్దరి మధ్యా ఒక సముద్రం.

అత్తయ్య నా బుగ్గ గిల్లింది. చేపల కోల్డ్ స్టోరేజీలో ముప్పై ఏళ్లు పనిచేసిన చేతులవి, గిల్లితే రెండు రోజులు గుర్తుంటుంది. "నేను ముందే చెప్పానా లేదా? మా కోడలు చదివిన యూనివర్సిటీ అలాంటిలాంటిది కాదు. ఒరేయ్, కింద ఇంకో కాగితం ఉందే, అదేంటి?"

జోంగ్‌హాన్ తెరని పైకి జరిపాడు. "ఏదో తనిఖీ అంట. పద్దెనిమిదో తారీఖు, యూనివర్సిటీ ఈతకొలను. 'మన పట్టికలో ఈత ఒక క్రెడిట్. దీన్ని లెక్కలోకి తీసుకోవడానికి మిగతా రెండు దేశాలకూ అభ్యంతరం ఉండగా, మన యూనివర్సిటీ దాన్ని వదులుకోవడానికి ఒప్పుకోలేదు. కాబట్టి తొమ్మిది మంది అభ్యర్థులూ మూడు దేశాల పరిశీలకుల ఎదుట యాభై మీటర్లు ఈది చూపాలి. కొలను గట్టు మీద గుర్తింపు కార్డుతో ముఖాన్ని సరిచూస్తారు.'" అతను నవ్వాడు. "అంతే. ఈతే."

"ఈతేనా!" అత్తయ్య చప్పట్లు కొట్టింది. "దీనికి అదో పనా? ఈత రాకపోతే పట్టాయే ఇవ్వరు కదా అక్కడ. మా ఈత బ్యాచీ మొత్తాన్నీ తీసుకొస్తాను, గట్టు మీద కూర్చుని ఈలలు వేస్తాం."

నేను మళ్లీ గిన్నె ముందుకి వెళ్లి ముద్ద కలపడం మొదలుపెట్టాను.

నాకు ఈత రాదు.

మా ఊరి చుట్టుపక్కల నది లేదు, చెరువు లేదు. ప్రతి ఇంటి వాకిట్లోనూ నేలలోకి సీసాలా తవ్విన గొయ్యి ఉంటుంది. పైన మనిషి పట్టేంత మూతి, లోపల గదంత వెడల్పు. వాన పడితే వాకిలి నీళ్లన్నీ అందులోకి దిగుతాయి. ఏడాదంతా అవే తాగాలి, వాటితోనే వండాలి. ఆరేళ్లప్పుడు మూత పక్కకి జరిపి నా ముఖం చూసుకోబోయి అందులో పడ్డాను. నీళ్లు గడ్డం దాకా వచ్చాయి. బురదలో వేళ్ల మీద నిలబడితే ముక్కు పైకి ఉండేది, నిలబడకపోతే లేదు. పైన గుండ్రంగా, పళ్లెమంత ఆకాశం. అరిచిన ప్రతి అరుపూ గోడల చుట్టూ తిరిగి నా దగ్గరికే వచ్చేది. నాన్న తాడు వేసేసరికి ఎంతసేపయిందో నాకు తెలియదు. ఆ నీళ్లని పారబోసే స్తోమత మాకు లేదు. ఆ చలికాలమంతా అవే తాగాం. ప్రతి గుక్కలోనూ నేను మళ్లీ అందులో పడ్డాను.

అలాంటిదాన్ని నేను ఇక్కడికొచ్చి, యెన్‌తాయ్ సముద్రపు ఒడ్డు యూనివర్సిటీలో చేరాను. మొదటి ఏడాది చివర ఈతపరీక్ష. మా హాస్టల్ గదిలో ఆరుగురం; వయసు ప్రకారం పెద్దక్క నుంచి ఆరో చెల్లి దాకా వరసలు. నేను ఆరోదాన్ని. నా పై మంచం మీద ఉండే రెండో అక్క చున్‌తావ్ హునాన్‌లో నది ఒడ్డు పిల్ల. పరీక్ష రోజు రెండు వందల మందిమి. అందరికీ ఒకే నీలం ఈతదుస్తులు, కళ్లద్దాలు, అంకె వేసిన తెల్ల టోపీలు. సారు టోపీ మీది అంకె చూసి టిక్కు పెడుతున్నాడు. చున్‌తావ్ నూట డెబ్బై ఒకటితో ఈదింది. బయటికొచ్చి, టాయిలెట్ గదిలో వాంతి చేసుకుంటున్న నా నెత్తి మీది టోపీ లాక్కుని, నూట డెబ్బై నాలుగుతో ఇంకోసారి ఈదింది. నా టోపీ ఈదింది. నేను ఈదలేదు.

అప్పుడదో ఆటలా అనిపించింది. ఆ రాత్రి గదిలో ఆరుగురం పుచ్చకాయ కోసుకున్నాం.

ఇంకో విషయం. అత్తయ్య చలికాలం మంచులో కూడా సముద్రంలో ఈదే మనిషి. తెల్లారి అయిదింటికల్లా రెండో నంబరు బీచిలో తనలాంటి రిటైరయిన ఏడుగురితో నీళ్లలో ఉంటుంది. జోంగ్‌హాన్ నా గురించి చెప్పినప్పుడు, ఎక్కడో ఎండిన కొండల పిల్ల మనకెందుకురా అందట. ఏ యూనివర్సిటీయో చెప్పగానే, 'అయితే ఈత వచ్చన్నమాట' అని మెత్తబడిందట. ఈ ఇరవై మూడు రోజుల్లో ఆమె బీచికి రమ్మంటే మొదటి వారం నాకు జలుబు. రెండో వారం ఆ రోజులు. మూడో వారం జుట్టుకి రంగేసుకున్నాను. ఆమె తడి ఈతదుస్తుల్ని రోజూ నేనే పిండి ఆరేస్తున్నాను. అవి చేతికి తగిలినా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

కుడుములు చితికిపోయాయి. ముద్ద విడిపోయి, ఉడికే నీళ్లలో చేప తేలింది. సంతోషంలో అలాగే అవుతుందంది అత్తయ్య. భోజనాల దగ్గర జోంగ్‌హాన్ ఫోనులో ఇంచియాన్ ఇల్లు చూపించాడు. ఒక్క గది. కిటికీలోంచి రేవు క్రేన్లు కనిపిస్తాయి. కిటికీ గట్టు ఎంత వెడల్పుందో అతను ముందే కనుక్కున్నాడు, నా పుదీనా కుండీ పడుతుందట.

"పడుతుందా?" అన్నాను.

"రెండు పడతాయి. ఏం, ముఖం అలా ఉంది?"

"వేడి. నాలుక కాలింది."

చెత్త పారేసి వస్తానని మెట్ల దారిలోకి వెళ్లి చున్‌తావ్‌కి ఫోన్ చేశాను.

"రెండో అక్కా, చచ్చానే."

"పెళ్లయిన నెలకే అందరూ అదే అంటారు. ఏం చేశాడు?"

చెప్పాను. "నా టోపీ రెడీ. రైలు ఎక్కనా?" అంది.

"ముఖాలు చూస్తారంట! గుర్తింపు కార్డుతో!"

"ఓహో. నా ముఖం నీ కంటే బాగుంటుంది, దొరికిపోతాం."

"నవ్వకే. నాకు భయంగా ఉంది."

"నాకేం తక్కువ భయమా? నవ్వకపోతే ఏడవాలి." ఆమె గొంతు తగ్గింది. "ఆరో చెల్లీ, విను. కాలు విరిగిందని డాక్టరు కాగితం పెట్టు."

"అప్పుడు ఆ క్రెడిట్ పోతుంది. నూట ముప్పై తొమ్మిది అవుతాయి. పట్టా రాదు."

"మరి దిగితే?"

"దిగితే మునుగుతాను. అప్పుడు అడుగుతారు, నాలుగేళ్ల కిందట ఎలా పాసయ్యావని. పాత రిజిస్టరు తీస్తారు. మూడు ముద్రల పట్టా సంగతి వదిలెయ్, నా అసలు పట్టానే లాక్కుంటే? నీది కూడా లాక్కుంటే?"

ఇంతసేపూ నోట్లోనే నానుతున్న మాట అది. బయటికి వచ్చాక మెట్ల దారి ఇంకా ఇరుకయినట్టనిపించింది. పై అంతస్తులో ఎవరో తలుపు వేశారు. ఆ చప్పుడు గోడల చుట్టూ తిరిగి నా దగ్గరికే వచ్చింది.

"నాది లాక్కుంటే నూడుల్స్ కొట్టు పెడతాను," అంది చున్‌తావ్. "నా పేరు అడిగితే చెప్పు. దాచకు. కానీ ముందు మీ ఇంట్లో చెప్పు. కనీసం అతనికి."

"అతను కిటికీ గట్టు వెడల్పు కూడా కనుక్కున్నాడే," అన్నాను, ఏడుపు వచ్చేసింది.

"గట్టేంటే? సరిగ్గా చెప్పు."

నేను చెప్పేలోపు పైన తలుపు తెరుచుకుని అత్తయ్య పిలిచింది. "అమ్మాయ్! చెత్త పారేయడానికి రేవు దాకా వెళ్లావా? రా, రా. బీచికి పోదాం. నీకొకటి ఇవ్వాలి."

తప్పించుకోవడానికి నా దగ్గర జబ్బులు అయిపోయాయి.

మధ్యాహ్నం మూడింటికి రెండో బీచి నిండా జనం. అత్తయ్య సంచిలోంచి ఎర్ర రిబ్బను కట్టిన పొట్లం తీసింది. లోపల ఒక కొత్త గాలిబుడ్డ, నారింజ రంగుది. సముద్రంలో ఈదేవాళ్లు నడుముకి కట్టుకుంటారు. వెనకాల తేలుతూ వస్తుంది, అలసిపోతే పట్టుకోవచ్చు. వాళ్లు దాన్ని తోక అంటారు. దీని మీద పెళ్లిళ్లలో తలుపులకి అంటించే జంట సంతోషం అక్షరం ఎర్రగా అచ్చువేయించి ఉంది.

"పెళ్లికే ఇద్దామనుకున్నాను. అచ్చువాడు ఆలస్యం చేశాడు. నాదీ నీదీ కలిపి రెండు. బాగుందా?"

బాగుంది. ఆమె నా నడుముకి పట్టీ బిగించింది, చిన్నపిల్లకి లంగా కట్టినట్టు.

నీళ్లలోంచి జియాంగ్ బాబాయ్ చెయ్యి ఊపాడు. అత్తయ్య బ్యాచీలో అందరికంటే పెద్దాయన, ఓడల మెకానిక్కుగా చేసి రిటైరయ్యాడు. "ఓ కోడలమ్మా! మీ అత్త నీ గురించి చెప్పి చెప్పి మా చెవుల్లో ఉప్పు పేరుకుంది. అదిగో, గురుతుకి కట్టిన ఆ పసుపు బుడ్డ దాకా వెళ్లి రా, చూద్దాం!"

"నువ్వు ముందు వెళ్లు ముసలాడా, మా కోడలు నిన్ను దాటేస్తుంది!" అత్తయ్య నా మోచెయ్యి పట్టుకుని నడిపించింది. జోంగ్‌హాన్ ఇసుకలో కూర్చుని ఫోనుతో వీడియో తీస్తున్నాడు.

నీళ్లు చీలమండల దాకా వచ్చాయి. చల్లగా. ఎవరో పిల్లలు నవ్వుతున్నారు. మోకాళ్ల దాకా వచ్చాయి. కాళ్ల కింద ఇసుక జారింది, వేళ్ల మీద లేచాను. వేళ్ల మీద లేచిన క్షణం నేను బీచిలో లేను. చుట్టూ మట్టి గోడలు. పైన పళ్లెమంత ఆకాశం. ఊపిరి లోపలికి వెళుతోంది, బయటికి రావడం లేదు. ఇంకో అడుగు వేస్తే గడ్డం దాకా వస్తాయి. ఇంకో అడుగు వేస్తే ముక్కు దాకా.

అత్తయ్య చేతిని రెండు చేతులతో పట్టుకున్నానని నాకు ఆమె "అబ్బా!" అన్నాకే తెలిసింది. నా గోళ్లు దిగాయి.

"ఏమైందే?"

"నాకు ఈత రాదు అత్తయ్యా."

"ఏంటీ?"

"నాకు ఈత రాదు. ఎప్పుడూ రాలేదు. నా టోపీ ఈదింది, నేను ఈదలేదు. వేరే అమ్మాయి నా టోపీ పెట్టుకుని ఈదింది. జలుబు కూడా అబద్ధం. జుట్టుకి రంగు నిజమే కానీ అందం కోసం వేసుకోలేదు, దీన్ని తప్పించుకోవడానికే వేసుకున్నాను. నన్ను బయటికి తీసుకెళ్లండి. దయచేసి బయటికి తీసుకెళ్లండి."

ఆమె తీసుకెళ్లింది. ఇసుకలో కూర్చోబెట్టింది. జోంగ్‌హాన్ ఫోను పడేసి వచ్చాడు. నా పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి, జూన్ ఎండలో. గోతి సంగతీ, టోపీ సంగతీ, చున్‌తావ్ సంగతీ, పాత రిజిస్టరు సంగతీ అన్నీ చెప్పాను, వరస లేకుండా. చెప్పినకొద్దీ భయం పెరిగింది. అత్తయ్య తన మోచేతి మీది నాలుగు గోటి గాట్లను చూసుకుంటోంది.

జోంగ్‌హాన్ ముందు నవ్వాడు. తర్వాత అతనికీ అర్థమైంది. "పట్టా లాక్కుంటారా? నిజంగానా?"

"ఏమో."

"అయితే ఇంచియాన్..."

"ఏమో అన్నాను కదా!"

అతను నా పాదం మీద ఇసుక దులపడం మొదలుపెట్టాడు. అప్పటికే శుభ్రంగా ఉంది, అయినా దులుపుతూనే ఉన్నాడు. అది చూసి నాకు ఇంకా భయమేసింది.

"ఆ గొయ్యి ఎంత లోతు?" అత్తయ్య అడిగింది.

ఆ ప్రశ్న వస్తుందనుకోలేదు. "నాన్న ఎత్తుకి రెండింతలు. నీళ్లు మాత్రం నా గడ్డం దాకానే."

"ఎంతసేపు నిలబడ్డావు?"

"తెలీదు. నాన్న పొలం నుంచి వచ్చేదాకా."

"ఆరేళ్ల పిల్ల. వేళ్ల మీద." ఆమె సముద్రం వైపు చూసింది. "ఇరవై మూడు రోజులుగా నా తడిబట్టలు పిండుతున్నావు. ఒక్క మాట చెప్పొచ్చు కదే. నేనేం మొసలినా?"

"మీరు ఈత వచ్చిన కోడలు కావాలన్నారు."

"అన్నాను. వంద అంటాను. మా కోల్డ్ స్టోరేజీలో మేనేజరు చచ్చిపోవాలని ముప్పై ఏళ్లు అన్నాను, నిన్న కూడా కూరగాయల మార్కెట్లో కనిపించాడు." ఆమె నవ్వలేదు. "కోపం లేదని అనుకోకు. ఉంది. ఏడుగురి ముందు గొప్పలు చెప్పించావు నాతో. ఆ కోపం తర్వాత చూసుకుంటాను. ముందు చెప్పు, ఏం చేద్దామనుకుంటున్నావు?"

జోంగ్‌హాన్ అన్నాడు, "పదహారు రోజులున్నాయి. నేర్పించేద్దాం. ఎవరికీ చెప్పక్కర్లేదు. ఈదేస్తుంది, అయిపోతుంది."

అదే దారి. ఎంత తేలిక. ఒక్క క్షణం నాకు ఊపిరాడింది కూడా. ఆ గట్టు మీద నిలబడి, కార్డు చూపించి, మూడు దేశాల వాళ్ల ముందు దూకి, అటువైపు తేలితే చాలు. కానీ ఆ తర్వాత? ఇంచియాన్ ల్యాబులో నా పని, సీసా మీద రాసినది సీసాలో ఉందో లేదో చూడటమే. ప్రతి ఫోనూ ఆ రిజిస్టరు గురించేనేమో అని అదిరిపడుతూ, ఆ కిటికీ దగ్గర, ఆ రెండు పుదీనా కుండీల పక్కన నిలబడి ఉండాలా? ఒక చలికాలమంతా అలా తాగాను. ఆ రుచి నాకు తెలుసు.

"యూనివర్సిటీ ఆఫీసుకి వెళ్లి చెప్తాను," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు, మళ్లీ అన్నాను. "ఆ పరీక్ష నాది కాదని చెప్తాను. మళ్లీ పెట్టమంటాను. వాళ్లు చెప్పబోయే జవాబు తలుచుకుంటే... అత్తయ్యా, నాకు నీళ్లంటే ఎంత భయమో అదీ అంతే భయం."

"రేపే చెప్తావా?"

"రేపే. ఎల్లుండికి నాకు ధైర్యం ఉండదు."

జోంగ్‌హాన్ నా పాదం వదల్లేదు. "నేనూ వస్తాను," అన్నాడు. "బయట బెంచీ మీద కూర్చుంటాను. తిడితే ఇద్దరం తినొచ్చు."

జియాంగ్ బాబాయ్ నీళ్లు కారుతూ వచ్చి నిలబడ్డాడు. "ఏంటి, కోడలమ్మకి కండరాలు పట్టేశాయా?"

"దానికి ఈత రాదు," అంది అత్తయ్య, బీచి అంతా వినపడేటట్టు. నేను కళ్లు మూసుకున్నాను. "రేపటి నుంచి నేర్చుకుంటుంది. నువ్వు అటువైపు నిలబడు, నేను ఇటువైపు. మోకాళ్ల లోతు దాటనివ్వం, అక్కడే కూర్చోబెట్టి తల ముంచిద్దాం. నవ్వావంటే నీ తోకకి బొక్క పెడతాను."

ఆయన నవ్వలేదు. "రేపు పోటు ఆరింటికి. అయిదింటికి నీళ్లు నిలకడగా ఉంటాయి," అని మాత్రం అన్నాడు.

"రేపా? ఆఫీసుకెళ్లే రోజేనా? ముందు ఆఫీసు పని కానివ్వండి అత్తయ్యా, రెండూ ఒకే రోజు నా వల్ల కాదు."

"వాళ్ల ముందు నిలబడి ఈత రాదని ఊరికే చెప్పడం వేరు. నేర్చుకోవడం మొదలుపెట్టానని తడితలతో చెప్పడం వేరు." ఆమె నా నడుముకున్న గాలిబుడ్డ పట్టీ విప్పలేదు, ఇంకా బిగించింది. "రేపు అయిదింటికి నీళ్లు. ఏడింటికి వేడి సోయా పాలు. తొమ్మిదింటికి ఆఫీసు. జుట్టు మాత్రం ఆరబెట్టుకోకు."